ఎక్కించడం వరకే

ఆ ఏడు ఉత్సవ కమిటీకి జ్ఞానోదయమైంది. ఊరి చివర మైదానంలో ఏటా జరిపే సంగీతోత్సవానికి నడవలేనివాళ్ళూ, చూపు లేనివాళ్ళూ, వినికిడి లేనివాళ్ళూ కూడా రావచ్చుననీ, వాళ్ళకీ పాటలంటే ఇష్టం ఉండొచ్చుననీ ఎవరో ఆ కమిటీ చెవిన వేశారు. ఆ ఎవరో ఉత్సవానికి విరాళమిచ్చే సంస్థ కావడంతో మాట చెవిలోంచి జారిపోకుండా నేరుగా తలకెక్కింది. వెంటనే మీటింగు పెట్టారు. టీలు తాగారు. ఒకరి మనసు ఎంత విశాలమో ఇంకొకరు చెప్పుకున్నారు. చివరికి మైదానం మధ్యలో నడుమెత్తున ఒక ప్రత్యేక వేదిక కట్టించాలని తీర్మానించారు. చక్రాల కుర్చీల వాళ్ళు దాని మీద కూర్చుంటే ఎవరి తలలూ అడ్డం రాకుండా కార్యక్రమం చూడొచ్చు. అంతకన్నా ముఖ్యంగా, వచ్చిన జనమంతా వాళ్ళని చూడొచ్చు.

ఆ మీటింగు మూడో అంతస్తులో జరిగింది. లిఫ్టు లేదు. అందుకని ఆ వేదిక ఎవరి కోసమో వాళ్ళలో ఒక్కరూ అక్కడ లేరు. పిలిస్తే పాపం ఎలా వస్తారన్న దయతో అసలు పిలవనే లేదు.

పిలిస్తే మాత్రం కత్తెరక్క ఊరుకునేది కాదు. కింద రోడ్డు మీద కుర్చీ ఆపి, మూడో అంతస్తుకి వినబడేలా నాలుగు మాటలు అడిగి వచ్చేది. కత్తెరక్క అంటే రైల్వే గేటు పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడ. కుట్టే ముందు బట్ట కత్తిరిస్తుంది కాబట్టి తనకా పేరు వచ్చిందని ఆవిడ నమ్మకం. నోటివల్ల వచ్చిందని వీధి నమ్మకం. చాలా ఏళ్ళ కిందట వెన్నుకి జబ్బు చేసి కాళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. అప్పట్నుంచీ చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. కుట్టుమిషనుకి మోటారు పెట్టించుకుంది. నోటికి మోటారు ముందునుంచే ఉంది.

ఆవిడ భర్త సిటీబస్సు డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఉన్న ఇద్దరి మాటలూ భార్యే మాట్లాడేస్తుంటే ఇంక ఆయనకి నాలుకతో పనేముంది? అలాంటి మనిషికి నడివయసులో బుద్ధి పుట్టి, బస్సు డిపోలో డ్రైవర్లూ, కండక్టర్లూ, మెకానిక్కులూ కలిసి పెట్టుకున్న బ్యాండులో చేరి క్లారినెట్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కొత్తలో ఒకరోజు ఇంట్లో ఊదాడు. వంటగదిలోంచి భార్య, "ఏవండీ, గేటుకి కాస్త నూనె వెయ్యండి, వినలేక చస్తున్నాను" అంది. ఆవిడ నిజంగా గేటే అనుకుంది. ఆయన మాట్లాడకుండా క్లారినెట్ పెట్టెలో పెట్టేసి, మర్నాటినుంచి డ్యూటీ దిగాక డిపోలోనే నిలిపి ఉన్న బస్సెక్కి, అద్దాలన్నీ మూసి, వెనక సీట్లో కూర్చుని సాధన చేసుకోసాగాడు. ఇంట్లో మళ్ళీ ఒక్క స్వరం ఊదలేదు. ఎంత బతిమాలినా, "వచ్చాక వినిపిస్తాలే" అనేవాడు. ఆ గేటు మాట అన్నందుకు ఆవిడ పడ్డ బాధ ఇంతా అంతా కాదు. పైకి మాత్రం, "మీ ఇష్టం, నాకేం తొందర లేదు" అనేది.

ఇన్నాళ్ళకి ఆ రోజు రానే వచ్చింది. ఉత్సవంలో చిన్న స్టేజీ మీద డిపో బ్యాండుకి అవకాశం దొరికింది. ముందురోజు ఆయన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "మొదటి పాట మొదలుపెట్టేది నేనే" అన్నాడు. "ఒక్కణ్ణే ఊదాలి. తర్వాత మిగతావాళ్ళు కలుస్తారు. నువ్వు నాకెదురుగా ముందు వరసలో కూర్చోవాలి. అది నీకోసమే నేర్చుకున్నా."

"నేను కూర్చోక నిలబడతానా ఏంటండీ?" అంది ఆవిడ. అనేసి, గిన్నె తెచ్చే నెపంతో కుర్చీ వంటగదిలోకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఆ ఒక్క ముక్కా వినాలి. ఆ రోజు ఆవిడ మైదానానికి వచ్చింది అందుకే. పెద్ద స్టేజీ మీద ఎవరు పాడినా, ఎవరు ఆడినా ఆవిడకి అనవసరం.

గేటు దగ్గర కన్వీనరు స్వయంగా ఎదురొచ్చాడు. మెడలో బ్యాడ్జీ, చేతిలో వాకీటాకీ, మొహం నిండా నవ్వు. ఆవిడ మొహం దాకా వంగి, గట్టిగా, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, "ఎలా... ఉన్నారు... మేడమ్?" అని అరిచాడు.

"బాగున్నానండీ. నాకు చెవులు బాగానే వినబడతాయి."

"చాలా సంతోషం మేడమ్!" అన్నాడు ఇంకా గట్టిగా.

కుర్చీ వెనక పిడికి రంగు రిబ్బను కట్టారు. ఒళ్ళో పూలగుత్తి పెట్టారు. 'ప్రత్యేక అతిథి' అని రాసిన బ్యాడ్జీ మెడలో వేశారు. ఆవిడ చిన్న స్టేజీకి దారెటు అని అడిగింది. కన్వీనరు ఆ మాట వినబడనట్టే, "ముందు మీ వేదిక చూడండి మేడమ్. మీ కోసమే కట్టించాం. ఒక్క ఫోటో తీసుకుంటారు, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాడు. ఇంకా టైముంది కదా అని ఆవిడ సరేనంది.

నిజం చెప్పాలి. ఆ వేదిక ఎక్కుతున్నప్పుడు కత్తెరక్కకి ముచ్చటేసింది. గేటు దగ్గర్నుంచి గడ్డి మీద రబ్బరు పట్టా పరిచారు. దాని చివర వెడల్పాటి చెక్క ర్యాంపు. వాలు కూడా నిట్టనిలువుగా కాకుండా ఒద్దికగా ఉంది. ఎవరూ తొయ్యకుండా తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ పైకి వెళ్ళింది. ఈ మధ్యకాలంలో ఎవరి సాయమూ లేకుండా ఆవిడ ఎక్కిన ఎత్తు అదొక్కటే. పైకెళ్ళాక చుట్టూ చూసి, ఫరవాలేదు, వీళ్ళకి కాస్త బుర్ర ఉంది అనుకుంది. తొందరపడి మెచ్చుకోవడం ఆవిడకి అలవాటు లేని పని. అలవాటు లేని పని చేస్తే ఇలాగే అవుతుంది.

వేదిక మీద అప్పటికే ఇద్దరు ముగ్గురు చక్రాల కుర్చీల వాళ్ళున్నారు. పక్కన మామూలు కుర్చీలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన నల్లకళ్ళద్దాలతో ఉన్నాడు. ఆయనకి చూపు లేదు. కాళ్ళు రెండూ శుభ్రంగా ఉన్నాయి.

"మీరేంటి మాస్టారూ ఇక్కడ?" అంది కత్తెరక్క.

"ఏం చెప్పమంటావమ్మా. ఇక్కణ్ణుంచి అద్భుతంగా కనబడుతుందట. అందుకని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నువ్వు చూసి చెప్పు, నిజమేనా?"

"పెద్ద స్టేజీ బ్రహ్మాండంగా కనబడుతోంది. చిన్న స్టేజీ మాత్రం మన వీపు వెనక, మైదానం అవతలి కొసన, చెట్ల దగ్గరుంది."

"పోనీలే. నాకు రెండూ ఒకేలా కనబడతాయి" అన్నాడు మాస్టారు.

ఫోటోలు తీశారు. నవ్వమన్నారు, చెయ్యి ఊపమన్నారు. ఆ తతంగం అయ్యేసరికి పెద్ద స్టేజీ మీద ముఖ్య అతిథి ఉపన్యాసం మొదలైంది. అది నడుస్తున్నంతసేపూ చిన్న స్టేజీ మీద చప్పుడు చెయ్యకూడదని కమిటీ హుకుం. ఆయన ముగించగానే డిపో బ్యాండు మొదలుపెట్టాలి. అంటే ఉపన్యాసం అయ్యేలోపు తను అక్కడుండాలి. లెక్క సులువుగానే ఉంది. కత్తెరక్క కుర్చీ వెనక్కి తిప్పుకుని, ఎక్కిన చోటికి వచ్చి, చక్రాలు పట్టుకుని ఆగిపోయింది.

ర్యాంపు లేదు. అది ఉండాల్సిన చోట కింద గడ్డి మీద పూలకుండీలు వరసగా పేర్చి ఉన్నాయి. చూడ్డానికి చాలా అందంగా ఉన్నాయి.

వేదిక దగ్గర కాపలా పెట్టిన వాలంటీరు, బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి, కింద నిలబడి ఉంది.

"అమ్మాయ్, ర్యాంపేదీ?"

"ఇక్కడే ఉండాలాంటీ" అంది ఆ అమ్మాయి. ఇద్దరూ కలిసి పూలకుండీల వంక చూశారు. కాసేపు చూసినా ర్యాంపు కనబడలేదు.

ఆ అమ్మాయి పరుగెత్తుకెళ్ళి స్టేజీ మేస్త్రీని పట్టుకొచ్చింది. నల్ల టీషర్టు, నడుముకి సుత్తి, చెవిలో పెన్సిలు. ఏళ్ళ తరబడి ఇలాంటి ఉత్సవాలకి స్టేజీలు కడుతూ, విప్పుతూ బతుకుతున్న మనిషి. తన పని మీద తనకి ఎలాంటి అనుమానమూ లేదు.

"ర్యాంపా? తీసేశాం కదమ్మా" అన్నాడు.

"ఎందుకు తీశారు?"

"అందరూ ఎక్కేశారు కదా."

కత్తెరక్క నోట మాట రాలేదు. అది జరగడం చాలా అరుదు. మేస్త్రీ ఆవిడకి అర్థం కాలేదేమోనని ఓపిగ్గా వివరించాడు. "మా పద్ధతి అదేనమ్మా. లారీలోంచి స్పీకర్లు, లైట్లు, పెట్టెలు, చక్రాలున్న సామానేదైనా ర్యాంపు మీంచి పైకి తోస్తాం. అంతా ఎక్కిందా, ఎక్కింది. ఇంక ర్యాంపుతో పనేముంది? తీసి ఇంకో స్టేజీకి వేసుకుంటాం. ఊరికే ఉంచితే జనం కాళ్ళకి అడ్డం."

"మేం సామానా?"

"అయ్యో, ఎంతమాట! సామానైతే పడేసినట్టు తోసేస్తాం. మిమ్మల్ని ఎంత జాగ్రత్తగా ఎక్కించమన్నారు!"

"మరి దింపేదెప్పుడు?"

"ప్రోగ్రామంతా అయ్యాకమ్మా. విప్పేటప్పుడు."

పక్కనుంచి లెక్కల మాస్టారు, "నన్ను కూడా విప్పేటప్పుడేనా?" అని అడిగాడు. మేస్త్రీ తల గోక్కున్నాడు.

కోపం వస్తే అరికాలి మంట నెత్తికెక్కిందంటారు. కత్తెరక్క అరికాళ్ళకి ఏ మంటా తెలియదు గానీ, అది ఎక్కణ్ణుంచో బయల్దేరి నెత్తికి మాత్రం సరిగ్గానే చేరింది. "ఇప్పుడా ర్యాంపెక్కడుంది?" అని అడిగింది.

మేస్త్రీ చెయ్యెత్తి పెద్ద స్టేజీ వైపు చూపించాడు. ముఖ్య అతిథికి మోకాళ్ళ నొప్పులు. స్టేజీ వెనక పనివాళ్ళు ఎక్కే నిచ్చెన మెట్లు తప్ప వేరే దారి లేదు. అందుకని ఆ ర్యాంపు పట్టుకెళ్ళి, దాని మీద ఎర్ర తివాచీ వేసి, ఆయన్ని నడిపించుకుంటూ పైకి తీసుకెళ్ళారు. ఆయన దిగిందాకా అది అక్కడే ఉండాలట. ఆ క్షణాన మైకులోంచి ముఖ్య అతిథి కంఠం ఖంగుమంది. "సోదర సోదరీమణులారా! ఏ మనిషికీ ఎక్కడా అడ్డంకి ఉండకూడదు. అదే నా జీవితాశయం!" జనం చప్పట్లు కొట్టారు.

వాలంటీరమ్మాయి వాకీటాకీలో పిలవగా పిలవగా కన్వీనరు ఆయాసపడుతూ వచ్చాడు. పూలకుండీల అవతల నిలబడి తల పైకెత్తి, "ఏమైంది మేడమ్? ఏం కావాలన్నా అక్కడికే తెప్పిస్తాం. నీళ్ళా? టీయా?" అన్నాడు.

"మా ఆయన కావాలి. తెప్పిస్తారా?"

సంగతంతా విన్నాక కన్వీనరు ఊరటపడ్డాడు. "ఇంతేనా! చిన్న స్టేజీ కార్యక్రమాలు అదిగో ఆ పెద్ద తెర మీద వేస్తాం మేడమ్. ఇక్కడే హాయిగా కూర్చుని చూడండి."

"అక్కడ కెమెరా ఉందా?"

కన్వీనరు వాలంటీరు వంక చూశాడు. వాలంటీరు మేస్త్రీ వంక చూసింది. మేస్త్రీ పూలకుండీల వంక చూశాడు. లేదు.

"సరే అయితే" అన్నాడు కన్వీనరు కొత్త ఉత్సాహంతో. "నలుగురు కుర్రాళ్ళని పిలుస్తాను. కుర్చీతో సహా మిమ్మల్ని పువ్వులా ఎత్తి దింపేస్తారు. పత్రికలవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. మానవత్వానికి మంచి ఫోటో అవుతుంది!"

"నన్నెవరూ ఎత్తడానికి వీల్లేదు" అంది కత్తెరక్క.

ఆ మాట గొంతు పెంచకుండా అంది. ఒకసారి సినిమా హాల్లో అలాగే పువ్వులా ఎత్తారు. ఒకడి చెయ్యి జారింది, కుర్చీ ఒరిగింది, బట్టలు మోకాళ్ళ పైకి చెదిరాయి, హాలంతా అయ్యో అంది. సర్దుకుందామంటే ఆవిడ రెండు చేతులూ కుర్చీ వదల్లేని స్థితిలో ఉన్నాయి. తర్వాత ఆ నలుగురూ ఒకరి భుజం ఒకరు తట్టుకుని, మంచి పని చేశామన్న తృప్తితో వెళ్ళిపోయారు. సినిమా ఏం చూసిందో ఆవిడకి ఒక్క ముక్క గుర్తులేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చిన ఏడుపు మళ్ళీ ఏడవదల్చుకోలేదు. నలుగురిలో మూటలా వేలాడుతూ మొగుడి పాటకి వెళ్ళదల్చుకోలేదు.

"మీ భద్రత మా బాధ్యత మేడమ్. అలా అయితే ఉపన్యాసం అయ్యేదాకా ఓపిక పట్టండి" అని కన్వీనరు, వాకీటాకీలో ఇంకెవరో గగ్గోలు పెడుతుంటే అటు వెళ్ళిపోయాడు.

మేస్త్రీ మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఏదో తప్పు జరిగిందని ఆయనకి తోస్తోంది. ఎక్కడ జరిగిందో తోచడం లేదు. కత్తెరక్క ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసి, తిట్టడానికి నోరు తెరిచి, మళ్ళీ మనసు మార్చుకుంది.

"మేస్త్రీగారూ, ఒక మాట చెప్పండి. పైకెక్కించిన స్పీకరు మధ్యలో పాడైందనుకోండి. ప్రోగ్రామయ్యేదాకా ఉంచుతారా?"

"అబ్బే! అదెలా కుదురుతుంది? పాట నడుస్తున్నా సరే, అప్పటికప్పుడు దింపెయ్యాలి. పాడైంది పైనుంటే మా పరువేం కాను?"

"అప్పుడు ర్యాంపో?"

"ఎక్కడున్నా లాక్కొస్తాం."

"అయితే నేను పాడయ్యాను. దింపండి."

మేస్త్రీ నోరు తెరుచుకుని ఆవిడ వంక చూశాడు. నవ్వబోయి ఆగాడు. ఆయన మొహం మెల్లగా ఎర్రబడింది. మనుషుల గురించి ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పనిది ఆయనకి పాడైన స్పీకరు వల్ల బోధపడింది. "ఉండండమ్మా" అని చెవిలో పెన్సిలు సర్దుకుని పెద్ద స్టేజీ వైపు పరుగులాంటి నడక తీశాడు.

నల్ల టీషర్టు వేసుకున్నవాళ్ళు స్టేజీ చుట్టుపక్కల ఏం చేస్తున్నా ఎవరూ పట్టించుకోరు. ఏదో పని అనుకుంటారు. మేస్త్రీ, ఇంకో ఇద్దరు పనివాళ్ళు స్టేజీ వెనక్కి వెళ్ళి, తివాచీ చుట్టి పక్కన పెట్టి, ర్యాంపు భుజాల మీద వేసుకుని, జనం మధ్యలోంచే తెచ్చేశారు. పైన ముఖ్య అతిథి అడ్డంకులు తొలగించడం గురించి చెబుతూనే ఉన్నాడు. పూలకుండీలు తప్పించి ర్యాంపు బిగించారు.

"మాస్టారూ, వస్తారా?" అంది కత్తెరక్క.

"నువ్వెళ్ళమ్మా, నీకు తొందర. నేను మెల్లగా దిగుతాను. మేస్త్రీ, ఇదిగో బాబూ, నేను దిగేదాకా దీని మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనీకు."

ఎలా ఎక్కిందో అలాగే, తన చేతులతోనే దిగింది. దిగాక తెలిసింది ఇంకో సంగతి. రబ్బరు పట్టా గేటునుంచి వేదిక దాకానే ఉంది. వేదిక దగ్గర్నుంచి ఎటూ లేదు. వేదిక ఎక్కినవాళ్ళకి ఇంకెక్కడికో వెళ్ళాలనే దురాశ పుడుతుందని కమిటీ ఊహించలేదు. చిన్న స్టేజీ దాకా ఉన్నదంతా గడ్డే. దుమ్ము లేవకుండా పొద్దున్నే నీళ్ళు కూడా బాగా కొట్టించారు. పదడుగులు పోగానే ముందు చక్రాలు కూరుకుపోయాయి.

వాలంటీరమ్మాయి చెప్పులు విడిచేసి వెనకనుంచి తోసింది. కత్తెరక్క రెండు చేతులతో చక్రాలు తిప్పింది. కరెంటు తీగలు అడ్డం వచ్చిన చోటల్లా వెనక్కి వాల్చి దాటించారు. చక్రాల బురద అరచేతులకి అంటుకుంది, తోలు లేచింది. అయినా ఆగలేదు. అప్పటిదాకా ఆ ఉపన్యాసం ఎప్పుడు చస్తుందా అని చూసిన మనిషి, ఇప్పుడు "మాట్లాడు నాయనా, ఇంకాస్త మాట్లాడు, నీ చిన్నతనం గురించి చెప్పు, నీ మోకాళ్ళ గురించి చెప్పు" అని గొణుక్కుంటూ తిప్పుతోంది. ఒక ముఖ్య అతిథి ఉపన్యాసం పెరగాలని మనస్ఫూర్తిగా కోరుకున్న మనిషి లోకంలో ఆవిడొక్కతే అయి ఉంటుంది.

ఆయన మాత్రం సరిగ్గా అప్పుడే ముగించాడు.

చప్పట్లు మోగాయి. కత్తెరక్క ఇంకా సగం దారిలో ఉంది. చెట్ల దగ్గర చిన్న స్టేజీ, దాని ముందు జనం వీపులు కనబడుతున్నాయి. చేతులాపి, ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించింది. దూరం నుంచైనా వినబడితే చాలనుకుంది. ఏదో సన్నగా మొదలైనట్టే ఉంది. అంతలో పెద్ద స్టేజీ స్పీకర్లు మైదానం దద్దరిల్లేలా అరిచాయి.

"దయచేసి గమనించండి! ముఖ్య అతిథిగారు దిగవలసిన ర్యాంపు కనబడటం లేదు! తీసినవారు వెంటనే తెచ్చి అప్పగించవలసిందిగా కోరుతున్నాం! వాలంటీర్లంతా స్టేజీ వెనక్కి రావాలి! అయ్యగారు నిచ్చెన దిగలేరు! మళ్ళీ చెబుతున్నాం..."

మళ్ళీ చెప్పారు. మళ్ళీ మళ్ళీ చెప్పారు. మధ్యలో ముఖ్య అతిథి, "నన్ను పట్టుకోకండయ్యా, పడేస్తారు!" అనడం కూడా మైకులో వచ్చింది. ఇంకెప్పుడైనా అయితే కత్తెరక్క కడుపు చెక్కలయ్యేలా నవ్వేది. ఇప్పుడు రెండు చెవులూ మూసుకుని మళ్ళీ తెరిచి, ఆ అరుపుల సందుల్లో క్లారినెట్ కోసం వెతుక్కుంది. ఒక్క స్వరం కూడా దొరకలేదు.

చివరికి చిన్న స్టేజీ దగ్గరికి చేరేసరికి డోళ్ళూ, బాకాలూ అన్నీ కలిసి హోరెత్తిస్తున్నాయి. జనం నిలబడి ఉన్నారు. ఆవిడకి కనబడిందల్లా ప్యాంట్ల వెనక కుట్లు. వాలంటీరమ్మాయి, "జరగండి, జరగండి" అని దారి చేసింది. స్టేజీ మీద భర్త కనబడ్డాడు. ఆవిడే కుట్టిన నీలం కోటు, బిగించి మూసిన కళ్ళు. అందరితో కలిసి ఊదుతున్నాడు. ఏది ఆయన స్వరమో, ఏది పక్కవాడిదో ఆ హోరులో తెలియలేదు. పాట అయిపోయింది. ఆయన కళ్ళు తెరిచి, తిన్నగా ముందుకి చూసి, ఎదురుగా భార్య కనబడేసరికి మొహం చేటంత చేసుకున్నాడు.

బ్యాండు వంతు ముగిశాక మెట్లు దిగి గబగబా వచ్చాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన అంత గబగబా నడవడం ఆవిడ చూడలేదు.

"ఎలా ఉంది? మొదట్లో ఊపిరి ఆపకుండా అంతసేపు లాగాను, చూశావా? కళ్ళు తెరిస్తే భయమేస్తుందని మూసుకున్నా. నువ్వు ఎదురుగా ఉన్నావనుకుంటూ ఊదేశా. బాగుందా?"

బాగుందండీ అంటే పోయేది. ఒక్క మాట. ఆయన ఆ మాట పట్టుకుని ఏడాదంతా బతికేస్తాడు. కానీ పొద్దుట్నుంచీ తనతో అందరూ తియ్యటి అబద్ధాలే చెబుతున్నారు. ఈయనకి తను ఇంకొకటి చెప్పలేకపోయింది.

"నేను వినలేదండీ" అంది. "సమయానికి రాలేకపోయాను. ఎక్కించారు, దింపలేదు."

ఆయన ఆవిడ అరచేతులు చూశాడు. క్లారినెట్ తుడుచుకునే మెత్తటి గుడ్డ జేబులోంచి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బురదా నెత్తురూ తుడిచాడు. "మరి నేనెవరి కోసం ఊదాను?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. అప్పుడు కత్తెరక్కకి ఏడుపొచ్చింది.

ఆ సమయానికే కన్వీనరు ప్రత్యక్షమయ్యాడు. జుట్టు చెదిరి ఉంది. ముఖ్య అతిథిని ఎలాగో దింపినట్టున్నారు. "మేడమ్, ఇక్కడున్నారా! మీ కుర్చీ ఖాళీగా ఉంటే వేదిక బోసిగా కనబడుతోంది. ఈసారి చిన్న ఇబ్బంది జరిగింది. వచ్చే ఏడు చూడండి, ఇంకా ఎత్తుగా కట్టిస్తాం! మీరు తప్పకుండా రావాలి!"

కత్తెరక్క నోరు తెరిచే లోపు భర్త లేచి నిలబడ్డాడు.

"నేను బస్సు నడుపుతాను సార్" అన్నాడు మెల్లగా. "ఎక్కించుకున్నవాళ్ళని వాళ్ళ స్టాపులో దింపకపోతే నా ఉద్యోగం పోతుంది. మీది పోదు కాబోలు."

కన్వీనరు ఏదో అనబోయి, వాకీటాకీ మోగితే, మోగినందుకు సంతోషిస్తూ వెళ్ళిపోయాడు. కత్తెరక్క తన మొగుణ్ణి కొత్తగా చూసింది. ముక్కు చీదుకుని, "ఊదండి" అంది.

"ఇక్కడా?"

"ఇక్కడే. ఇప్పుడే."

స్టేజీ మీద తర్వాతి బృందం వాళ్ళు మైకులు సరిచేసుకుంటున్నారు. ఆయన ఆ చప్పుడు మధ్యలోనే, కుర్చీకెదురుగా గడ్డి మీద నిలబడి, క్లారినెట్ పీక నాలుకతో తడిచేసుకుని ఊదాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉంచాడు. మెల్లగా మొదలై, ఒక చోట పైకి లేచి, ఆగకుండా సాగింది. ఇన్నాళ్ళూ మూసిన బస్సులో దాక్కుని ఆయన నేర్చుకున్నది ఇది. కత్తెరక్క కదలకుండా వింది. సరిగ్గా పైకెక్కిన చోట ఊపిరి చాలక స్వరం చీలిపోయింది. ఆయన ఆపేశాడు.

"ఇందాక తప్పలేదు" అన్నాడు తల దించుకుని. "ఒట్టు. ఇందాక సరిగ్గా వచ్చింది."

"వచ్చే ఉంటుందండీ" అంది ఆవిడ. వచ్చే ఉంటుంది. అక్కడ నిలబడ్డ ప్యాంట్లన్నీ విన్నాయి. ఆ తర్వాత ఆయన ఇంట్లోనే ఎన్నోసార్లు అది ఊదాడు, ఒకటి రెండుసార్లు తప్పు లేకుండా కూడా ఊదాడు. ఊదిన ప్రతిసారీ ఆవిడ పని ఆపి వినేది. అయినా ఆ రోజు ఎలా వచ్చిందో మాత్రం ఆవిడకి ఎప్పటికీ తెలియలేదు.